కేసు అయ్యాక కాదు, పిల్లాడు బడి మానేసినప్పుడే ఏం చేయగలం?

కాజీపేట టీచర్
అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. రైల్వే లైన్ పక్క బస్తీల పిల్లలు మా దగ్గర ఎక్కువ. ఏటా ఒకే వరస చూస్తున్నాను. తొమ్మిదో తరగతి పిల్లాడు దసరా సెలవుల తర్వాత బడికి రావడం తగ్గిస్తాడు. మొదట సోమవారాలు మానేస్తాడు, తర్వాత వారంలో సగం రోజులు, ఆ తర్వాత అసలే రాడు. తల్లి తెల్లారకముందే పనికి పోతుంది, తండ్రి ఉన్నా లేనట్టే. సాయంత్రం స్టేషన్ వైపు తనకన్నా పెద్ద పోరగాళ్లతో కనిపిస్తాడు. ఎండాకాలం వచ్చేసరికి ఏదో సెల్‌ఫోన్ కేసులోనో బండి కేసులోనో పేరు వినబడుతుంది. అప్పుడు పోలీసులు వస్తారు, జువైనల్ బోర్డు వస్తుంది, కౌన్సెలర్ వస్తాడు. అందరూ అప్పుడే వస్తారు.

నేను అడిగేది ఆ మధ్య నెలల గురించి. ఆ పిల్లాడు ఇంకా ఏ తప్పూ చేయలేదు. కానీ ఎటు పోతున్నాడో మా బడిలో అటెండర్‌కి కూడా తెలుసు. అప్పుడు ఎవరికి చెప్పాలి? ఎవరికైనా చెబితే పిల్లాడికి మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా? వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి.

హన్మకొండ వకీలు
టీచర్ గారూ, మీరు అడిగిన దానికి చట్టంలోనే ఒక దారి ఉంది, దాన్ని ఎక్కువమంది వాడరు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. అందులో పిల్లలు రెండు రకాలు. నేరం చేశాడని ఆరోపణ ఉన్న పిల్లాడు జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు పోతాడు. రక్షణ, సంరక్షణ కావాల్సిన పిల్లాడు బాలల సంక్షేమ కమిటీ ముందుకు పోతాడు. వీధిలో బతికే పిల్లలు, చట్టానికి విరుద్ధంగా పనిలో పెట్టిన పిల్లలు, మత్తుమందుల వైపు లాగబడే ప్రమాదం ఉన్న పిల్లలు ఈ రెండో రకంలోకి వస్తారు.

మీరు చెప్పిన పిల్లాడిది ఆ నెలల్లో రెండో రకం పరిస్థితే. కమిటీకి పోలీసులే చెప్పాలని లేదు. ప్రభుత్వ ఉద్యోగి, సామాజిక కార్యకర్త, డాక్టర్, బాధ్యత గల ఏ పౌరుడైనా చెప్పొచ్చు. పిల్లాడు తానే వెళ్లొచ్చు కూడా. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా అక్కడికే చేరుతుంది.

కాజీపేట టీచర్
వకీలు సార్, కమిటీ పేరు వింటేనే తల్లులు భయపడతారు. "మా పిల్లగాణ్ణి హోమ్‌ల ఏస్తరా మేడం?" అని అడుగుతారు. వాళ్ల భయం నిజం కాదని నేను ధైర్యంగా చెప్పొచ్చా?

హన్మకొండ వకీలు
చెప్పొచ్చు. సంస్థలో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాకే అని చట్టం మూడో సెక్షన్‌లో సూత్రంగా రాసి ఉంది. ముందు కుటుంబం, తర్వాతే ఏదైనా. పైగా పిల్లల రక్షణకు పెట్టిన కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉంది. పిల్లాడు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. భర్త చనిపోయిన లేదా వదిలేసిన తల్లుల పిల్లలు, తల్లిదండ్రులకు ప్రాణాంతకమైన జబ్బు ఉన్న పిల్లలు ఇందులోకి వస్తారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టాలి. కలెక్టరేట్‌కి పోయి అడిగితే ఆ ఆఫీసు చూపిస్తారు.

ఎనుమాముల వ్యాపారి
అందరూ పిల్లాడి గురించే మాట్లాడుతున్నారు. నా మాట కూడా వినండి. మార్కెట్ దగ్గర నా కొట్టు షట్టర్ లేపి గల్లాపెట్టె, రెండు ఫోన్లు ఎత్తుకుపోయారు. దొరికినవాళ్లలో ఇద్దరు మైనర్లు. కొన్నాళ్లకే వాళ్లు బయట తిరుగుతున్నారు. నా డబ్బు రాలేదు, ఫోన్లు రాలేదు, ఎవరూ నన్ను పిలిచి ఒక్క మాట అడగలేదు. పదహారేళ్లవాడికి దొంగతనం తప్పని తెలియదా? శిక్ష లేకపోతే భయం ఎక్కడి నుంచి వస్తుంది? పుణెలో 2024లో పదిహేడేళ్ల పిల్లాడు కారుతో గుద్ది ఇద్దరి ప్రాణం తీస్తే, వ్యాసం రాసుకు రమ్మని బెయిల్ ఇచ్చారు. అది చూశాక నాలాంటివాళ్లకు ఈ చట్టం మీద నమ్మకం ఎట్లా ఉంటుంది?

పరకాల రిటైర్డ్ ఎస్సై
సేటు గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. మీలాంటివాళ్లు స్టేషన్‌కి వచ్చి కూర్చుంటే సమాధానం చెప్పాల్సింది మేమే. ఇందులో జనానికి తెలియని సంగతి ఒకటి చెబుతాను.

2016 నిబంధనల ప్రకారం పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టేది రెండు సందర్భాల్లోనే. ఘోరమైన నేరం అయితే, లేదా పెద్దవాళ్లతో కలిసి చేస్తే. మిగతా వాటికి జీడీలో, అంటే స్టేషన్ రోజువారీ డైరీలో రాసి, పిల్లాడి ఇల్లు, చదువు, స్నేహాల గురించి సామాజిక నేపథ్య నివేదిక తయారుచేసి బోర్డుకు పంపాలి. ఉద్దేశం మంచిదే. కానీ బండి పోయినాయనకు ఇన్సూరెన్స్ కోసం ఎఫ్ఐఆర్ కాపీ కావాలి. దొంగ ఎవరో తెలియనప్పుడే కేసు కట్టి ఉంటాం, తర్వాత పిల్లాడు దొరుకుతాడు. ఇట్లా మొదటి రోజే కాగితం ఒక దారిలో పోతుంది, పిల్లాడు ఇంకో దారిలో పోవాల్సి ఉంటుంది.

ఇక పిల్లాడిని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, మఫ్టీలో మాట్లాడాలి, 24 గంటల్లో బోర్డు ముందు ఉంచాలి. ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై స్థాయికి తగ్గకుండా బాలల సంక్షేమ పోలీస్ అధికారి ఒకరు ఉండాలి. ఉంటారు కూడా. కానీ ఆయనకే బందోబస్తు, ఆయనకే సమన్లు, మేడారం జాతర వస్తే ఆయనకే డ్యూటీ. ఆ నేపథ్య నివేదిక రాయడానికి ఇంటికి పోయి తల్లితో ఒక గంట కూర్చునే తీరిక ఎవరికి ఉంటుంది? నాలుగు లైన్లు రాసి పంపుతారు. నాకు అనిపించేది, జిల్లాకు ఒక డీఎస్పీ పేరు మీద స్పెషల్ జువైనల్ యూనిట్ అని బోర్డు పెట్టడం కంటే, రెండు మూడు స్టేషన్లకు కలిపి ఈ పని ఒక్కటే చూసే మనిషి ఒకరు ఉంటే చాలు.

నిజామాబాద్ కౌన్సెలర్
నేను కేసుల్లో ఉన్న పిల్లలతోనే పనిచేస్తాను. వివరాలు చెప్పను, చెప్పకూడదు. కొన్ని సంగతులు మాత్రం పంచుకుంటాను.

ఒకటి, ఈ పిల్లలు అనాథలనీ ఇల్లు లేనివాళ్లనీ చాలామంది అనుకుంటారు. జాతీయ నేర గణాంకాలు ఏ ఏడాదివి తీసినా, పట్టుబడిన పిల్లల్లో అత్యధికులు తల్లిదండ్రులతో ఉంటున్నవాళ్లే. వయసు చూస్తే ఎక్కువమంది 16 నుంచి 18 లోపు. అంటే ఇంటి తలుపు తట్టే అవకాశం మనకు ముందే ఉంది, తట్టడం లేదు అంతే.

ఇంకొకటి టీచర్లు వినాలి. నా ముందు కూర్చున్న పిల్లల్లో చాలామందికి తెలుగు పేరా తడుముకోకుండా చదవడం రాదు. తొమ్మిదో తరగతి దాకా వచ్చారు. ఏడో తరగతి నుంచే క్లాసులో లేచి చదవమంటే కడుపునొప్పి అన్నవాళ్లు. సిగ్గుతో బడి తప్పించుకోవడం మొదలైంది, స్నేహాలు తర్వాత వచ్చాయి. మనం ఆ స్నేహాల దగ్గర కథ మొదలుపెట్టి, మత్తు గురించి, క్రమశిక్షణ గురించి లెక్చర్లు ఇస్తాం. వాడికి అప్పటికి కావాల్సింది ఎవరూ నవ్వని చోట కూర్చుని చదవడం నేర్చుకోవడం.

కాజీపేట టీచర్
ఇది నూటికి నూరుపాళ్లు నిజం. మా దగ్గర మానేసిన పిల్లల పేర్లు తలుచుకుంటే అందరూ ఆఖరి బెంచీలో తల దించుకుని కూర్చున్నవాళ్లే. సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్‌లో హైస్కూల్లో అక్షరాలు నేర్పే టైం మాకు ఎవరూ ఇవ్వరు. దీన్ని జువైనల్ సమస్యగా ఎవరూ చూడరు. నిజానికి మొదలు ఇక్కడే.

జగిత్యాల అక్క
మా ఆయన దుబాయ్‌లో ఉంటాడు. మా వైపు సగం ఇళ్లు ఇట్లాగే ఉంటాయి, అమ్మ ఒక్కతే అన్నీ చూసుకోవాలి. మా చిన్నోడు పదిహేనేళ్లప్పుడు గంజాయి తాగేవాళ్లతో కలిశాడు. కళ్లు ఎర్రగా ఉంటే నిద్ర చాలలేదేమో అనుకున్నా. ఇంట్లో డబ్బు పోతుంటే పనిమనిషి మీద అనుమానపడ్డా. బడివాళ్లకు నాకంటే ముందు తెలిసింది. తెలిసినవాళ్లు నన్ను పిలిచి చెప్పలేదు, ఒకరోజు టీసీ చేతిలో పెట్టారు. "మిగతా పిల్లలు చెడిపోతారు" అన్నారు. మరి నా పిల్లాడు ఎవరి పిల్లాడు?

టీసీ ఇచ్చిన రోజు నుంచి వాడికి పొద్దంతా ఖాళీ. ఆ ఖాళీయే వాడిని ఎక్కువ చెడగొట్టింది. మా ఆడబిడ్డ చెబితే 14416కి ఫోన్ చేశాను. టెలిమానస్ అంట, మనసుకు సంబంధించిన సాయం, తెలుగులో మాట్లాడారు. వాళ్లు జిల్లా ఆస్పత్రిలో డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నారు. మా ఊరి కబడ్డీ ఆడించే అన్న వాడిని రోజూ సాయంత్రం గ్రౌండ్‌కి పట్టుకుపోయాడు. ఏమీ అడగలేదు, ఏమీ బోధించలేదు, రమ్మన్నాడు అంతే. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించాను. ఇప్పుడు బాగానే ఉన్నాడు. కేసు కాలేదు, అది మా అదృష్టం. అందరికీ ఆడబిడ్డ, కబడ్డీ అన్న ఉండరు కదా.

సుబేదారి విద్యార్థిని
అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేస్తున్నాను. విద్యా హక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా పిల్లాడిని బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. తొమ్మిదిలోకి రాగానే ఆ రక్షణ పోతుంది. సరిగ్గా పిల్లలు జారిపోయే వయసులోనే చట్టం చెయ్యి వదిలేస్తోంది. ఇది మారాలని గట్టిగా అడగాలి.

ఎనుమాముల సార్‌కి ఒక మాట. మీరు "నన్నెవరూ పిలవలేదు" అన్నారే, దానికి జవాబులాంటి పద్ధతిని న్యూజిలాండ్ 1989లో తన చట్టంలో పెట్టుకుంది. అక్కడ చాలా కేసుల్లో పిల్లాడు, వాడి కుటుంబం, నష్టపోయిన మనిషి, పోలీసు ఒకచోట కూర్చుంటారు. నష్టపోయినాయన తనకేం జరిగిందో పిల్లాడి ముఖం మీద చెబుతాడు. ఏం చేస్తే సరిపోతుందో అందరూ కలిసి ఒక ప్లాన్ రాస్తారు. కుదరకపోతేనే కోర్టు. మన ఊళ్లలో కులపెద్దల పంచాయితీలు చేసే దండుగల లాంటిది కాదు ఇది. పిల్లాడి హక్కులకు రక్షణ ఉంటుంది, శిక్షణ ఉన్న సమన్వయకర్త నడుపుతారు. మన చట్టం మూడో సెక్షన్‌లో కూడా కోర్టు విచారణ లేకుండా పరిష్కరించే పద్ధతులను ప్రోత్సహించాలని ఉంది. సూత్రం ఉంది, దాన్ని నడిపే మనుషులు లేరు.

ఎనుమాముల వ్యాపారి
అమ్మా, అట్లా పిలిచి ఉంటే నేను పోయేవాణ్ణి. నాకు వాడిని జైల్లో పెట్టించాలని లేదు. ఆ రోజు పొద్దున షట్టర్ వంగి ఉండటం చూసినప్పుడు నా గుండె ఏమైందో వాడికి తెలియాలి. అంతే.

నర్సంపేట రైతుబిడ్డ
నాది వేరే అభిప్రాయం. చిన్న దొంగతనాల వరకు మీరు చెప్పేది సరే. 2012 ఢిల్లీ సామూహిక అత్యాచారం కేసులో మైనర్‌కి మూడేళ్లే పడింది. ఆడపిల్ల తండ్రిగా నాకు అది ఈనాటికీ మింగుడుపడదు. ముందే ఆదుకోవాలి, సేవలు అందించాలి అనుకుంటూ అలాంటివాళ్లను కూడా వదిలేద్దామా?

హన్మకొండ వకీలు
అన్నా, ఆ కేసు తర్వాతే 2015 చట్టం వచ్చింది. నేరాలను మూడుగా విడగొట్టింది. మూడేళ్ల లోపు శిక్ష పడేవి చిన్నవి, కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్నవి ఘోరమైనవి, ఈ రెంటికీ మధ్యవి తీవ్రమైనవి. 16 దాటిన పిల్లాడు ఘోరమైన నేరం చేశాడని ఆరోపణ ఉంటే, బోర్డు వాడి మానసిక స్థితినీ పరిస్థితులనూ అంచనా వేసి బాలల కోర్టుకు పంపొచ్చు. అక్కడ పెద్దవాళ్లలాగా విచారించే వీలుంది. అంటే మీరు భయపడే కేసుకు దారి ఉంది.

నేనైతే ఆ నిబంధనను కూడా ఒప్పుకోను. పదిహేడేళ్లవాడి మనసును కొన్ని వారాల్లో కొలిచి చెప్పగల పరికరం ఎవరి దగ్గరా లేదు. కానీ ఇక్కడ దాని మీద వాదన పెట్టుకుంటే టీచర్ గారి ప్రశ్న పక్కకు పోతుంది. బోర్డు ముందుకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది దొంగతనాలు, కొట్లాటలు, బండి యాక్సిడెంట్ల మీద వచ్చేవాళ్లే.

నర్సంపేట రైతుబిడ్డ
నా అభిప్రాయం మారలేదు. కానీ సరే, టీచర్ గారి ప్రశ్నకే రండి.

గోదావరిఖని తమ్ముడు
ఇక్కడ రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నాకు పదహారేళ్లప్పుడు కేసు అయ్యింది. ఏం కేసో చెప్పను. మా నాన్న బొగ్గుబాయిలో కాంట్రాక్టు పని, నైట్ షిఫ్టులు. విచారణ అయ్యే దాకా పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో కొన్ని రోజులు ఉన్నాను. అక్కడ నాకంటే పెద్ద కేసుల్లో ఉన్నవాళ్లు పరిచయమయ్యారు. బయటికి వచ్చాక వాళ్లే ఫోన్ చేసేవాళ్లు, ఇంకెవరూ చేయలేదు. చిన్న కేసువాణ్ణి లోపల పెడితే ఏమవుతుందో నేను చూశాను కాబట్టి చెబుతున్నా, వీలైతే పెట్టొద్దు.

నన్ను నిలబెట్టింది ప్రొబేషన్ ఆఫీసర్ సార్. బోర్డు నన్ను ఏడాది ప్రొబేషన్ మీద, అంటే ఆయన కనిపెట్టుకుని ఉండేలా ఇంటికి పంపింది. ఆ సార్ వచ్చినప్పుడల్లా మా అమ్మతో టీ తాగేవాడు. "ఏం రిపేర్ చేయడం వచ్చు నీకు?" అని అడిగాడు. అప్పటిదాకా నాకు ఏం రాదో అడిగినవాళ్లే ఉన్నారు. ఆయనే ఏసీ మెకానిక్ దగ్గర పెట్టించాడు, సాయంత్రాలు ఓపెన్ స్కూల్. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు పనిచేస్తున్నారు.

అయినా కొన్నేళ్ల దాకా మా వాడలో ఏది పోయినా పోలీసులు ముందు మా ఇంటికే వచ్చారు. వినాయక చవితి వచ్చిందంటే పిలిచి కూర్చోబెట్టేవాళ్లు. అమ్మ ఏడ్చేది. ఇప్పుడు ఒక కంపెనీ సర్వీస్ కాంట్రాక్టు కోసం పోలీస్ వెరిఫికేషన్ అడిగింది. పాత కేసు రాయాలా వకీలు సార్?

హన్మకొండ వకీలు
రాయక్కర్లేదు తమ్మీ. 24వ సెక్షన్ చదువుకో. ఈ చట్టం కింద విచారణ జరిగిన పిల్లాడికి ఆ కేసు వల్ల ఎలాంటి అనర్హతా అంటకూడదు. అప్పీలు గడువు దాటాక రికార్డు తీసేయాలి. 16 దాటి ఘోరమైన నేరంలో బాలల కోర్టు దోషిగా తేల్చినవాళ్లకే దీనికి మినహాయింపు. నీది అది కాదు కదా. వెరిఫికేషన్‌లో ఎవరైనా అడ్డం చెబితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పో. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ఫీజు కట్టలేని వాళ్లకూ, ఆడవాళ్లకూ, పిల్లలకూ వకీలును ఉచితంగా పెడతారు.

పండగలకు పిలిచి కూర్చోబెట్టడానికి ఏ సెక్షనూ లేదు. ఈసారి జరిగితే కాగితం మీద రాసివ్వమని అడుగు.

జగిత్యాల అక్క
తమ్ముడూ, నీ ఏసీ షాపు ఇంకా పెద్దగా కావాలి. మీ అమ్మకు నా నమస్కారం చెప్పు.

మంచిర్యాల మెకానిక్
బండ్ల గురించి ఒక్క మాట. కేసులు పెరగడానికి సగం కారణం మనమే. పదో తరగతి పాస్ కాగానే బుల్లెట్ కొనిస్తున్నాం. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత మైనర్ బండి నడిపి నేరం జరిగితే తండ్రికో బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చే దాకా లైసెన్స్ రాదు. నా షెడ్డుకు పిల్లలు బండి తెస్తే నేను తండ్రికి ఫోన్ చేసి గానీ తాళం ఇవ్వను.

సుబేదారి విద్యార్థిని
శిక్షల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి సామాజిక సేవ సంగతి కూడా చెప్పుకోవాలి. జువైనల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ కింద బోర్డు మందలించి పంపొచ్చు, గ్రూప్ కౌన్సెలింగ్‌కు, సామాజిక సేవకు ఆదేశించొచ్చు, జరిమానా వేయొచ్చు, ప్రొబేషన్ ఇవ్వొచ్చు, ఆఖరికి ప్రత్యేక గృహానికి మూడేళ్ల దాకా పంపొచ్చు. సామాజిక సేవ 14 దాటిన పిల్లలకు. పార్కు చూసుకోవడం, ముసలివాళ్లకు సాయపడటం, ఆస్పత్రిలో సాయం చేయడం, ట్రాఫిక్ వాలంటీర్‌గా నిలబడటం వంటివి నిబంధనల్లోనే ఉన్నాయి.

మన దగ్గర ఇది చాలాసార్లు మొక్కుబడి. చీపురు ఇచ్చి ఫొటో తీసి పంపిస్తారు. పుణె వ్యాసం మీద జనానికి కోపం వచ్చింది కూడా అందుకే, చేసిన దానికీ చేయమన్న దానికీ సంబంధం లేదు. బండి తోలి ఒకరి కాలు విరగ్గొట్టినవాడు ఎంజీఎం ఆస్పత్రి ఎముకల వార్డులో స్ట్రెచర్ తోసేవాళ్లకు సాయంగా ఉంటే అర్థం ఉంటుంది. గోడ మీద రాతలు రాసినవాడు ఆ గోడకే సున్నం వేయాలి. వాడి పక్కన రోజూ ఒకే పెద్దమనిషి ఉండాలి. మనిషి మారుతుంటే పిల్లాడు ఎవరితోనూ మాట్లాడడు.

నిజామాబాద్ కౌన్సెలర్
మంచి మాట. ఒకటి కలుపుతాను. పెద్దవాళ్లు వెనక ఉండి పిల్లలతో పని చేయిస్తున్న కేసులు పెరిగాయి. గంజాయి ప్యాకెట్ చేరవేస్తే వెయ్యి రూపాయలు, దొరికితే "నువ్వు మైనర్‌వి, ఏం కాదులే" అని ముందే చెప్పి పంపుతారు. కాజీపేట లాంటి జంక్షన్లలో ఇది మరీ ఎక్కువ. పిల్లలకు మత్తు ఇచ్చినా, పిల్లలతో అమ్మించినా, మోయించినా ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. 77, 78 సెక్షన్లు. ఏదైనా అక్రమ పనికి పిల్లాడిని వాడుకుంటే 83 కింద ఏడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల జరిమానా. పిల్లాడు దొరికాడని సంబరపడి ఫైలు మూసేస్తే పంపినవాడు రేపు ఇంకో పిల్లాడిని పంపుతాడు. ఎస్సై గారు ఏమంటారు?

పరకాల రిటైర్డ్ ఎస్సై
నిజమే. పిల్లాడు పేరు చెప్పడానికి భయపడతాడు, చెబితే ఇంట్లోవాళ్లకు ప్రమాదం. వాడికి మనమీద నమ్మకం కుదిరితేనే చెబుతాడు, నమ్మకం కుదరాలంటే వాడిని దొంగలా చూడకూడదు. మెత్తగా ఉంటే నేరం పెరుగుతుందని అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. అసలు దొంగ దొరకాలన్నా పిల్లాడితో మర్యాదగా ఉండాల్సిందే.

టీచర్ గారూ, మీ దగ్గర వరసగా బడికి రాని పిల్లల లిస్టు ఉంటుంది కదా. అది నెలకోసారి స్టేషన్‌కి ఇస్తే, మావాళ్లు ఆ ఇళ్లకు ఒకసారి పోయి వస్తారు. ముందే జాగ్రత్త పడొచ్చు.

నిజామాబాద్ కౌన్సెలర్
సార్, క్షమించండి, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. బడికి రాకపోవడం నేరం కాదు. ఆ లిస్టు స్టేషన్‌కి చేరిన రోజు నుంచి అది అనుమానితుల లిస్టు అవుతుంది. రేపు ఎక్కడో ఫోన్ పోతే మొదట తీసేది దాన్నే. గోదావరిఖని తమ్ముడికి కేసు అయ్యాక జరిగింది, ఈ పిల్లలకు కేసు కాకముందే జరుగుతుంది. అందులోనూ ఏ బస్తీ, ఏ కులం, ఏ మతం పిల్లల ఇళ్లకు పోతారో మనందరికీ తెలుసు. ఆదుకోవడానికని వెళ్లి ముద్ర వేసి వస్తాం.

గోదావరిఖని తమ్ముడు
కౌన్సెలర్ మేడం చెప్పిందే సరైనది. యూనిఫాం లేకుండా వచ్చినా పోలీసు అని వాడ మొత్తానికీ తెలిసిపోతుంది. పక్కింటివాళ్లు తెల్లారేసరికి పేరు పెట్టేస్తారు.

కాజీపేట టీచర్
నాకూ అదే భయం. మరి లిస్టు పట్టుకుని ఎవరు పోవాలి? నేను ఒక్కదాన్నే అన్ని ఇళ్లకూ తిరగలేను.

నిజామాబాద్ కౌన్సెలర్
ఆ ఇంటికి ఇదివరకే వెళ్లే మనుషులు పోవాలి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, మహిళా సంఘం లీడర్. బడిబయటి పిల్లల సర్వే చేసే సీఆర్‌పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) ఉన్నారు, వాళ్లది ఎలాగూ ఇదే పని. వరసగా పది రోజులు రాకపోతే ఎవరో ఒకరు సాయంత్రం ఏడు తర్వాత పోవాలి, తల్లి ఇంట్లో ఉండే టైం అది. "ఎందుకు రావట్లేదు?" అని మొదలుపెట్టొద్దు. ఇంట్లో ఎట్లా ఉంది, అన్నం ఎట్లా ఉంది, అప్పులేమైనా ఉన్నాయా అని మాట్లాడాలి. కారణం అక్కడే బయటపడుతుంది. డబ్బు అయితే స్పాన్సర్‌షిప్, మత్తు అయితే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 లేదా ఆస్పత్రి, చదువు రాకపోవడమైతే విడిగా కూర్చోబెట్టి నేర్పడం. ఇంట్లో కొట్టడమో, పనిలో పెట్టడమో, ఎవరో వాడుకోవడమో తేలితే అప్పుడు బాలల సంక్షేమ కమిటీ.

ఈ వివరాలు రాసుకునే పుస్తకం టీచర్ దగ్గరే ఉండాలి. పిల్లాడు బడికి తిరిగొస్తే ఆ పేజీ చింపేయాలి.

పరకాల రిటైర్డ్ ఎస్సై
మీరిద్దరూ చెప్పాక నా ప్రతిపాదన వదిలేస్తున్నాను. లిస్టు మా దగ్గరికి రానవసరం లేదు. మేము చేయాల్సింది బడి చుట్టూ. గేటు దగ్గర గుట్కా అమ్మేవాడు, మత్తుకు పీల్చే వైట్‌నర్ అమ్మేవాడు, సాయంత్రం బండ్ల మీద వచ్చి ఎదురుచూసేవాడు. వాళ్ల లిస్టు ఇవ్వండి, అది స్టేషన్ పనే. విద్యా సంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది, దాన్ని గట్టిగా అమలు చేయిస్తే చాలు.

హన్మకొండ వకీలు
ఇంకో జాగ్రత్త. వాట్సాప్ గ్రూపుల్లో ఏ పిల్లాడి పేరూ, ఫొటో, బడి పేరూ పెట్టొద్దు. "మా బస్తీ దొంగ దొరికాడు" అని ఫొటో తిప్పడం మన దగ్గర అలవాటైపోయింది. జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద దానికి ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. పేపర్లకూ, యూట్యూబ్ చానళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఎనుమాముల వ్యాపారి
టీచరమ్మా, నా కొట్టు మీద ఒక గది ఖాళీగా ఉంది. ఫ్యాను, లైట్లు ఉన్నాయి. సాయంత్రాలు ఆ చదువు రాని పిల్లలను కూర్చోబెట్టడానికి పనికొస్తే వాడుకోండి, కిరాయి వద్దు. లెక్కలు నేను చెప్పగలను, ముప్పై ఏళ్లుగా తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మకం లెక్క చీటీలు రాస్తున్నాను. పదహారు దాటినవాళ్లు ఎవరైనా పని కావాలంటే కొట్లో పెట్టుకోనా?

హన్మకొండ వకీలు
గది మంచి ఆలోచన. పని విషయంలో నెమ్మది. 14 లోపు పిల్లలను పెట్టుకోవడం నేరం, 14 నుంచి 18 లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిర్చి బస్తాలు మోయించడం, ఘాటులో నిలబెట్టడం వద్దు. ముందు చదువు చెప్పండి సేటు గారూ.

కాజీపేట టీచర్
ఎనుమాముల మాకు దూరమే, కానీ దేశాయిపేట వైపు బడుల వాళ్లకు ఆ గది బాగా ఉపయోగపడుతుంది. అక్కడ నాకు తెలిసిన తెలుగు పండిట్ ఉన్నారు, మీకు మెసేజ్ చేయమంటాను. మా దగ్గర కాజీపేటలో గది ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే రాయండి. సుబేదారి అమ్మాయీ, మీ క్లాస్‌మేట్లకు ఫీల్డ్‌వర్క్ ఉంటుంది కదా, మా బడికి ఇద్దరిని పంపగలరా? ఇళ్లకు వెళ్లేటప్పుడు సీఆర్‌పీతో పాటు ఒకరు తోడుంటే తల్లులు ఇంకొంచెం మాట్లాడతారు.

సుబేదారి విద్యార్థిని
మేడం, మా సూపర్‌వైజర్‌ని అడుగుతాను. ఇద్దరం అమ్మాయిలం వస్తాం. సాయంత్రం ఏడు తర్వాత తిరగాలి కాబట్టి వెనక్కి బస్సు దొరికే టైం చూసి చెప్పండి.